లెక్క సరిపోయింది: చెర నుంచి బతికొచ్చిన ఒక పెద్దాయన డిమెన్షియా కేసు

ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక ఊరు. పెద్దాయనకు 83 ఏళ్లు. 2004లో ఒంగోలులో ఓపీలో చూసి, ఆ తర్వాత పద్నాలుగు వారాలు ఇంటి దగ్గరే వైద్యం నడిపిన కేసు ఇది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఊరు, కులం, దళం, పిల్లల వివరాలు తీసేశాం. మోతాదులు, బరువులు మాత్రం నోట్సులో ఉన్నవే.

తిండి దాచుకుంటాడు, తెల్లవారుజామున లేచి నిలబడతాడు, దగ్గరికి పోతే కొడతాడు అంటూ వచ్చే వృద్ధులు కొత్తేమీ కాదు. ఇందులో మొదటి మూడు వారాల్లో చేసిన పనులు ఒక్కటి తప్ప అన్నీ పుస్తకం ప్రకారం సరైనవే. అయినా మనిషి దిగజారుతూనే పోయాడు. ఎందుకు దిగజారాడో, ఎక్కడ మళ్లాడో చెప్పడానికే ఇంత వివరంగా రాయడం.

నేపథ్యం

19వ ఏట సైన్యంలో చేరాడు. యుద్ధం అయిపోయాక వచ్చి పొగాకు, కంది పండించాడు. భార్య పోయి ఆరేళ్లు. కొడుకు, కోడలు, మనవడితో ఉంటున్నాడు. మతిమరుపు (డిమెన్షియా) మూడేళ్లుగా మెల్లగా పెరుగుతోంది. మొదట డబ్బు లెక్కలు పోయాయి, తర్వాత దారులు, ఆ తర్వాత మనుషుల పేర్లు. ఓపీలో చేసిన జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 13 మార్కులు.

సైన్యం సంగతి ఇంట్లో ఎవరికీ పెద్దగా తెలియదు. "సింగపూర్లో జపానోళ్లకు దొరికిపోయినాడంట" అన్న ఒక్క మాటే. మూడేళ్లకు పైగా కబురు లేక ఇంటిల్లిపాదీ ఆశ వదులుకున్నారట. తిరిగొచ్చాక ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

పాత అలవాట్లు రెండు కోడలు చెప్పింది. గెణుసుగడ్డ ఇంటికి తెస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఏటా మిల్లు నుంచి మెత్తటి తవుడు తెప్పించి, జల్లించి, బెల్లం కలుపుకుని తినేవాడు. గొడ్ల తిండి తింటాడని ఊళ్లో నవ్వేవాళ్లు. మొదటి రోజు ఈ రెండూ నోట్సులో రాసుకున్నాం గానీ వాటికి అర్థం వెతకలేదు.

తీసుకొచ్చిన బాధ

నాలుగు నెలలుగా రోజూ తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో లేస్తున్నాడు. మంచం పక్కన కాళ్లు దగ్గరపెట్టి, చేతులు తొడలకు ఆనించి నిలబడతాడు. నడుము నుంచి ముందుకు వంగుతాడు. ఏదో గొణుగుతాడు, ఆగుతాడు, మళ్లీ మొదటికి వస్తాడు. పడుకోమంటే వణుకుతాడు. చెయ్యి పట్టుకుంటే విదిలించి కొడతాడు. ఇది గంటన్నర సాగుతుంది.

అన్నం సగం తిని సగం పంచె చెంగులో కట్టుకుని దిండు గలీబులోకి చేరుస్తాడు. చీమలు, ఎలుకలు, పులిసిన వాసన. కోడలు శుభ్రం చేయబోతే ఆమె మణికట్టు కమిలేలా పట్టుకున్నాడు. అరికాళ్లు మండుతున్నాయని రాత్రుళ్లు కాళ్లు గోడకు ఆనిస్తాడు. మధ్యాహ్నం చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల్లో పేలుడు వినబడగానే మంచం కిందికి దూరతాడు. నాలుగు నెలల్లో బరువు 52 కిలోల నుంచి 46కు దిగింది.

మొదట చేసినవి

హఠాత్తుగా ముదిరిన గందరగోళం అనగానే ముందు శరీరంలో కారణం వెతకాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదు. సోడియం, చక్కెర, థైరాయిడ్, బీ12 మామూలుగానే ఉన్నాయి. సీటీలో మెదడు కుంచించుకుపోవడం తప్ప రక్తస్రావం లేదు. పైగా మతి చెడటం రోజంతా హెచ్చుతగ్గులుగా లేదు. ఒకే వేళకు, ఒకే తీరులో, ఒకే వరుసలో జరుగుతోంది. డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం, అలా గడియారం చూసుకుని రాదు. నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్లూ చేతులూ ఆడించే జబ్బు అనుకుందామంటే కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే తల తిప్పుతున్నాడు.

సరిగా తినని వృద్ధుడు కాబట్టి గ్లూకోజు పెట్టేముందే థయమిన్ (విటమిన్ బీ1) 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, అలా ఐదు రోజులు. తరువాత మాత్రలు. ఈ వరుస తప్పకూడదు. థయమిన్ నిల్వలు అడుగంటిన ఒంట్లోకి ముందుగా గ్లూకోజు పోస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది.

ఇక మందులు. ఉద్రేకం తగ్గించే మానసిక వైద్యపు మందు హాలోపెరిడాల్ రాత్రికి అర మిల్లీగ్రాము, ఐదు రోజుల తర్వాత ఒక మిల్లీగ్రాము. ఎదుటివాళ్లకు దెబ్బలు తగులుతున్నాయి కాబట్టి కొద్దికాలం వాడదామన్నది అప్పటి లెక్క. లేవడం ఆగలేదు. లేచినప్పుడు కాళ్లు బిగుసుకుపోయాయి, అంతే తేడా. తొమ్మిదో రోజు వంగబోయి ముందుకు పడ్డాడు. నుదుటి మీద నాలుగు కుట్లు. అదే రోజు మందు ఆపేశాం. ఒక రాత్రి నిద్రమందు లొరాజెపామ్ ఒక మిల్లీగ్రాము ఇస్తే పగలంతా మత్తులో ఉండి రెండు పూటలు అన్నం తినలేదు, ఆ రాత్రి ముందుకంటే ఎక్కువ గలాటా. దాన్నీ ఆపేశాం. డిమెన్షియా వృద్ధుల్లో హాలోపెరిడాల్ తరహా మందులు మరణాల ముప్పు పెంచుతాయన్న అమెరికా హెచ్చరిక కొత్తతరం మందులకు 2005లో, హాలోపెరిడాల్ లాంటి పాతవాటికి 2008లో వచ్చింది. ఈ కేసు ఆ రెంటికీ ముందుది.

దిండు రోజూ ఖాళీ చేయమని కుటుంబానికి చెప్పింది మేమే. శుభ్రత కోసం. ఫలితం తలకిందులైంది. దాచింది పోతోందని తెలిసినకొద్దీ ఎక్కువ దాచాడు. సగం తినేవాడు పావుకు వచ్చాడు. ఆ వారంలోనే 700 గ్రాములు తగ్గాడు.

చేయకూడని పని పదకొండో రాత్రి జరిగింది. మళ్లీ పడతాడేమోనన్న భయంతో ఇంట్లోవాళ్లు తువ్వాలుతో నడుమును మంచానికి కట్టారు. ఆయన అరవలేదు, గింజుకోలేదు. కళ్లు మూసుకుని అసలు కదలకుండా ఉండిపోయాడు. మరుసటి రోజు నీళ్లు కూడా నోట్లోకి పోనివ్వలేదు. కట్టవద్దని ముందే చెప్పి ఉండాల్సింది మేము. మంచం కాళ్లు కోయించి ఎత్తు తగ్గించి, కింద బొంత పరిస్తే పడినా దెబ్బ తగలదు. ఆ సంగతి మర్నాడు చెప్పాం.

మలుపు

రాత్రి కాపలాకు పెట్టిన మేల్ నర్సు ఆ గొణుగుడును నోటుబుక్కులో వినబడినట్టు రాశాడు. "ఇచ్చి, నీ, సా, షీ, గో, రోకు." ఇంట్లోవాళ్లు అప్పటిదాకా దాన్ని పాత బాకీల లెక్క అనుకుంటున్నారు, "ఎవరికో ఇచ్చినాడంట" అని. నర్సు ఇంకో మాట కూడా రాశాడు, "కొకొపో". కోళ్లను తోలుతున్నాడని కోడలి వివరణ.

ఇచి, ని, సాన్, షి, గో, రోకు. జపాన్ భాషలో ఒకటి నుంచి ఆరు. జపాన్ క్యాంపుల్లో పొద్దున్నే, సాయంత్రం "టెంకో" అనే హాజరు ఉండేది. వరుసలో నిలబడి ఒక్కొక్కరు తమ అంకె జపాన్ భాషలో అరవాలి, కాపలావాడికి నడుము వంచి వందనం చేయాలి. అంకె తప్పితే దెబ్బలు. ఒక మనిషి తక్కువైతే లెక్క కుదిరేదాకా వరుసంతా ఎండలోనో వానలోనో నిలబడాలి. పెద్దాయన ఆరు దాకా వచ్చి ఆగి మళ్లీ మొదలుపెట్టడం అప్పుడు అర్థమైంది. ఏడోవాడి గొంతు రావడం లేదు.

కొడుకు చేత ట్రంకుపెట్టె తెరిపించాం. ఒక డిశ్చార్జి పుస్తకం, రెండు పతకాలు. పుస్తకంలో ఊరు నెల్లూరు జిల్లా అని ఉంటే ఇది మా నాన్నది కాదేమో అన్నాడు కొడుకు. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడేదాకా ఆ తాలూకా నెల్లూరు జిల్లాలోదే. నక్షత్రం ఆకారపు పతకాల మీద ఏ రంగమో చుట్టూ అచ్చు వేసి ఉంటుంది. ఇందులో ఒకటి 1939–45 స్టార్, రెండోది పసిఫిక్ స్టార్. బర్మాలో పోరాడినవాళ్లకు బర్మా స్టార్, ఎడారిలో పోరాడినవాళ్లకు ఆఫ్రికా స్టార్ వచ్చేవి. భారత సైనికుడి పెట్టెలో పసిఫిక్ స్టార్ ఉంటే ముందుగా మలయా, సింగపూర్, హాంకాంగ్ వైపు చూడాలి.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగింది. 17న ఫారర్ పార్కులో భారతీయ సైనికులను బ్రిటిష్ వాళ్ల నుంచి వేరుచేసి జపాన్ చేతికి అప్పగించారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. మిగిలినవాళ్లలో వేలమందిని తర్వాత ఓడల్లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు కూలిపనికి తోలారు. న్యూబ్రిటన్‌లో పెద్ద జపాన్ స్థావరం రబౌల్. దాని పక్కనే ఉన్న ఊరు కొకొపో. ఒక్క మాట పట్టుకుని మనిషిని అక్కడే ఉన్నాడని తేల్చలేం గానీ, మిగిలినవన్నీ ఆ వైపే మొగ్గాయి. 1944 నాటికి అక్కడికి ఓడల రాక తెగిపోయి బియ్యం నిండుకున్నాయి. సైనికులూ ఖైదీలూ అడవి కొట్టి వేసిన గెణుసు, కర్రపెండలం మీదే బతికారు. మిత్రపక్షాల విమానాలు బాంబులు వేస్తుంటే జపాన్ వాళ్లు కొండల్లో సొరంగాలు తవ్వించారు. యుద్ధఖైదీల గురించిన 1929 జెనీవా ఒప్పందంపై జపాన్ సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు. ఈ భారతీయులనైతే ఖైదీలుగా కూడా లెక్కగట్టకుండా తమ దళాల్లోని కూలీలన్నట్టే వాడుకుంది. యుద్ధనేరాల విచారణల్లో జపాన్ పక్షం వాదన కూడా ఇదే.

తవుడు సంగతీ తేలింది. తెల్లగా పట్టిన బియ్యంలో థయమిన్ పోతుంది, ఒంట్లో నిల్వ రెండు మూడు వారాలకు మించదు. ఖైదీలు థయమిన్ లోపంతో వచ్చే బెరిబెరీతో వాచిపోయారు, అరికాళ్ల మంటలతో రాత్రుళ్లు చన్నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. తవుడు దొరికిన చోట మందులా పంచుకున్నారు. దంపుడు బియ్యం పోయి మిల్లు బియ్యం వచ్చాక మన సర్కారు జిల్లాల్లోనే బెరిబెరీ ఉన్న రోజులవి. ఆయన మాత్రం నేర్చుకున్నది అరవై ఏళ్లు మరిచిపోలేదు.

ఫౌజులో చేరావా లేదా అని ఆయన్ని అడగవద్దని కొడుకుకు గట్టిగా చెప్పాం. తిరిగొచ్చినవాళ్లను బ్రిటిష్ వాళ్లు ప్రశ్నించి, ఫౌజుతో ఎంత సంబంధం ఉందన్నదాన్ని బట్టి తెలుపు, బూడిద, నలుపు అని విడదీశారు. ఇన్నేళ్ల మౌనానికి ఆ ప్రశ్నలు కూడా ఒక కారణం కావచ్చు. వైద్యానికి ఆ జవాబుతో పని లేదు.

ఏం మార్చాం

ఆలోచన ఇదీ. చెరలో మనిషి ఒంటరిగా బతకలేదు. నలుగురైదుగురు ఒక జట్టు. జ్వరం వచ్చినవాడి పని మిగిలినవాళ్లు చేస్తారు, అన్నం డబ్బాతో కొలిచి సమంగా పంచుతారు, హాజరులో పక్కవాడు నిలబడలేకపోతే భుజం ఆనిస్తారు. పెద్దాయన ఇప్పుడు చేస్తున్నవన్నీ ఆ పనులే, జట్టు మాత్రం లేదు. అవి ఆపించే ప్రయత్నం మానేసి, పూర్తి చేయించే దారి వెతికాం.

హాజరు ముందు. ఖైదీలందరికీ తెలిసిన జపాన్ మాట "యాస్మే", అంటే విశ్రాంతి. దాన్ని వాడదామా అని తర్జనభర్జన పడ్డాం. ఒక్కసారి మనవడి చేత అనిపించి చూశాం. పెద్దాయన నిజంగానే కూర్చున్నాడు, కానీ కూర్చునేముందు మనవడికి నడుము వంచి దణ్ణం పెట్టాడు. ఆ పిల్లాడు ఆ పూట అన్నం తినలేదు. కాపలావాడి వేషం ఇంట్లో ఎవరికీ వద్దని అక్కడితో ఆపేశాం. మాట చెప్పాల్సింది తోటి ఖైదీ.

ఆ పని నర్సుకు అప్పగించాం. నలభై ఏళ్లవాడు, అదే జిల్లా మనిషి. అతన్ని అదే గదిలో చాప మీద పడుకోమన్నాం. పెద్దాయన లేవగానే తనూ లేచి పక్కన, భుజానికి భుజంగా నిలబడతాడు, ఎదురుగా మాత్రం నిలబడడు. "రోకు" దగ్గర ఆయన ఆగగానే తను తెలుగులో అందుకుంటాడు, "ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. లెక్క సరిపోయింది అన్నా. అందరూ ఉండారు. కూర్చో." మొదటి రోజు పెద్దాయన తిరిగి చూసి "ఉండారా?" అన్నాడు. నాలుగు నెలల్లో ఆ వేళప్పుడు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి తెలుగు మాట అది. వెంటనే చేతికి టీ. గంటన్నర పట్టేది మూడో రోజుకు ఇరవై నిమిషాలైంది, రెండో వారం చివరికి ఐదారు నిమిషాలు. కొడుకు నాన్నను "అన్నా" అనలేడు కదా, అతని వంతు వచ్చినప్పుడు "నాన్నా, అందరం ఉండాం" అనేవాడు. అదీ పనిచేసింది, కాస్త నెమ్మదిగా.

తిండి కష్టమైంది. దాచుకోవడానికి ఆయనకే ఒక మూత డబ్బా ఇచ్చి, పాడవని బొరుగులు, వేయించిన శనగలు పోశాం. శనగలకు మూడో రోజే పొలమారింది. పళ్లు లేని నోటికి అవి ఇవ్వడం మా తప్పు. బిస్కెట్లు పెడితే తీసి మాకే ఇచ్చాడు, అవి ఆయన లెక్కలో తిండి కాదు. చివరికి అన్నమే. నిమ్మకాయంత ఉప్పు ముద్ద, సుమారు 50 గ్రాములు, ఆకులో చుట్టి డబ్బాలో పెడతాం. వండిన అన్నం మన ఎండల్లో నాలుగు గంటలు దాటితే విషం పుట్టే పదార్థం, కాబట్టి పూటపూటకూ మార్చాలి. మార్చే వరుస ముఖ్యం: ముందు కొత్త ముద్ద ఆయన చేతికిచ్చి, ఆయనే డబ్బాలో పెట్టాక, పాతది అడిగి తీసుకోవాలి. డబ్బా ఒక్క క్షణం కూడా ఖాళీగా కనబడకూడదు. దిండులో దాచడం తొమ్మిది రోజుల్లో ఆగింది.

పూర్తిగా తినకపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. ఒకరోజు కోడలు తన కంచం కూడా పక్కనే పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన గిన్నెలోంచి స్టీలు గ్లాసుతో అన్నం తీసి, పైన మిగిలినదాన్ని చూపుడువేలు అంచుతో గీసి చదును చేసి, ఆమె కంచంలో బోర్లించాడు. మళ్లీ తీసి, మళ్లీ గీసి, తన కంచంలో బోర్లించాడు. వేలికి అంటుకున్న నాలుగు మెతుకులు రెండు కంచాల్లో రెండేసి రాల్చాడు. తర్వాత తిన్నాడు, అంతా. అప్పటినుంచి ఒంటరిగా వడ్డించడం మానేశాం. ఎవరో ఒకరు అదే గ్లాసు కొలతతో ఎదుట తినాలి. మామగారి ముందు కూర్చుని తినడం కోడలికి మొదట ఇబ్బందే అయింది. పప్పు, నెయ్యి, గుడ్డు ఆ కొలతలోనే ఎక్కించాం. పది వారాలకు 49.5 కిలోలు.

అరికాళ్ల మంట: చీలమండల దాకా కంపన స్పర్శ లేదు. చక్కెర, బీ12 బాగున్నాయి కాబట్టి ఇది పాత దెబ్బే, నరాలు ఇక కోలుకోవు. నరాల మంటకు వాడే మందుల్లో అమిట్రిప్టిలిన్ ఇలాంటి మెదడుకు ఇంకా మసక తెస్తుంది. గాబాపెంటిన్ తూలుడు తెస్తుంది, ఒకసారి పడిన మనిషికి అది వద్దనుకున్నాం. పడుకునేముందు కుండ నీళ్లలో పది నిమిషాలు కాళ్లు ఉంచి, వేళ్ల సందులు పొడిగా తుడవడం సరిపోయింది.

వెలుగు, మనుషుల రాకపోకలు కూడా మార్చాం. కరెంటు పోయినప్పుడు ముఖం మీద టార్చి వేయకూడదు, జీరో బల్బును ఇన్వర్టర్‌కు కలిపాం. కాళ్ల వైపు నుంచి రాకుండా పక్క నుంచి, ఖాళీ చేతులు కనబడేలా వచ్చి, కూర్చున్నాకే మాట్లాడాలి. ఖాకీ బట్టలతో ఎవరూ గదిలోకి రాకూడదు, కరెంటు బిల్లు కొట్టే అతనైనా సరే. క్వారీ పేలుళ్ల వేళ కనుక్కుని పావుగంట ముందే ఆయన్ని లోపలి గదికి తెచ్చాం. అక్కడి మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచి, కింద బొంత వేశాం. దూరాలనుకుంటే తలకు తగలకుండా దూరవచ్చు. బయటికి లాగేవాళ్లు లేకపోయేసరికి తనంతట తనే వచ్చేవాడు.

ఏడో వారంలో పిల్లికూతలు వచ్చాయి. స్టెరాయిడ్ రాయబోతూ ఆగాం. ఒంట్లో పురుగులుంటే పెరిగే తెల్లరక్తకణాలు, ఇయోసినోఫిల్స్, 14 శాతం ఉన్నాయి. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ఒంట్లోనే తన సంతతిని పెంచుకుంటూ దశాబ్దాలు ఉండగలదు. ఆగ్నేయాసియా చెరల నుంచి వచ్చిన మాజీ ఖైదీల్లో యుద్ధమైన ఎన్నో ఏళ్లకు కూడా అది బయటపడింది. స్టెరాయిడ్ ఇస్తే అది ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. మలపరీక్ష మొదటి రెండుసార్లు ఏమీ చూపలేదు, మూడోసారి లార్వా కనబడింది. ఐవర్మెక్టిన్ కిలోకు 200 మైక్రోగ్రాముల చొప్పున 9 మిల్లీగ్రాములు, రెండు రోజులు. పిల్లికూతలకు ఇన్‌హేలరే వాడాం. పురుగు రబౌల్ నుంచి వచ్చిందో, మన చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగితే ఎక్కిందో చెప్పడం అసాధ్యం. మందు రెంటికీ ఒకటే.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే

మొదటి రోజే ట్రంకుపెట్టె తెరిపించాలి. పింఛను పుస్తకం, పతకం, పాత ఫోటో వెనక రాత, ఏదైనా సరే. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌కు చిక్కి తిరిగొచ్చినవాళ్లు ఇప్పుడు ఈ వయసుకు వస్తున్నారు, వాళ్ల కథ వేరు, అలవాట్లు వేరు. అందుకే హాజరు చిట్కాను గుడ్డిగా వాడకూడదు. ఆ ప్రవర్తన ఏ వేళకు, ఏ వరుసలో వస్తోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది వారం పాటు వినబడినట్టు, కనబడినట్టు రాయించాలి. అర్థం అయినట్టు రాయమంటే "బాకీల లెక్క" అనే రాస్తారు. ఈ కేసులో దారి చూపింది నర్సు రాసిన ఆరు మాటలే, సీటీ స్కాన్ కాదు.

కుదరనివీ ఉన్నాయి. గడ్డం గీయించుకోవడానికి చివరిదాకా ఒప్పుకోలేదు, కత్తెరతో కుదించడమే. నర్సు సెలవు పెట్టిన నాలుగు రోజులు పాత గంటన్నర మళ్లీ వచ్చింది. ఖర్చు కూడా తక్కువేమీ కాదు. రాత్రి మనిషిని పెట్టుకోలేని ఇంట్లో కొడుకులు వంతులు వేసుకోవాల్సిందే.

పద్నాలుగో వారం చివరి విజిట్ నాటికి తెల్లవారుజామున లేవడం వారానికి రెండు మూడు సార్లకు తగ్గింది. బరువు 50.2. మధ్యాహ్నం భోజనానికి కొడుకు, కోడలు, మనవడు, నర్సు నలుగురూ కూర్చున్నారు. పెద్దాయన గ్లాసుతో ఐదు కంచాల్లో కొలిచి పోసి, గిన్నె అడుగున మిగిలిన మాడుచెక్కను గీకి తీసి నర్సు కంచంలో వేశాడు. నిన్న మనవడికి వేశాడంట, ఈరోజు అతని వంతు.